కర్నూలు నుంచి కడప 80 మైళ్లు: గ్రౌండ్ స్పీడ్, వన్ ఇన్ సిక్స్‌టీ, ఈటీఏ లెక్కల్లో సందేహాలు

ఓర్వకల్లు_08:

అందరికీ నమస్తే. కమర్షియల్ లైసెన్స్ నావిగేషన్ పేపర్‌కి తయారవుతున్నా. పుస్తకాల్లో లెక్కలన్నీ ఎక్కడో యూరప్ ఊర్ల మధ్య ఉంటాయి, జవాబు తేడా వచ్చినా మనసుకి తట్టదు. అందుకని మన రూటే తీసుకున్నా. కర్నూలు ఎయిర్‌పోర్టు, అంటే ఓర్వకల్లు, నుంచి కడప ఎయిర్‌పోర్టు.

ఓర్వకల్లు 15°43' ఉత్తరం, 78°10' తూర్పు. కడప 14°31' ఉత్తరం, 78°46' తూర్పు. ట్రూ ఎయిర్ స్పీడ్ (టీఏఎస్, చుట్టూ ఉన్న గాలిలో విమానం అసలు వేగం) 100 నాట్లు, అంటే గంటకి 100 నాటికల్ మైళ్లు. గాలి 250/25, అంటే 250 డిగ్రీల వైపు నుంచి 25 నాట్లు, నైరుతి సీజన్ అనుకోండి.

మూడు చోట్ల ముడి పడింది. ఒకటి, గాలి ట్రాక్‌కి (నేల మీద పోవాల్సిన గీతకి) దాదాపు అడ్డంగా, రవ్వంత వెనక నుంచి వస్తోంది. వెనక గాలి 2.6 నాట్లు. 100కి కలిపితే గ్రౌండ్ స్పీడ్ (నేల మీద వేగం) 102.6 రావాలి కదా, 99 అంటున్నారు. వెనక గాలి ఉండి కూడా స్పీడ్ ఎట్లా తగ్గుతుంది? రెండు, ట్రాక్ ఎర్రర్ (గీత నుంచి పక్కకి జరిగిన కోణం) 6 డిగ్రీలు ఉంటే 6 తిప్పాలా, 12 తిప్పాలా? మూడు, ఈటీఏ, అంటే చేరే టైము అంచనా: సగం దూరంలో ఒక నిమిషం లేటయితే మొత్తం మీద రెండు నిమిషాల లేటేనా?

పుస్తకం మళ్లీ చదువు అనొద్దు దయచేసి. అంకెలతో చెప్పండి.

పెన్నా_డ్రిఫ్ట్:

మూడింటికీ జవాబు ఒకే త్రికోణంలో ఉంది తమ్ముడూ. ముందు దూరం, ట్రాక్ సరిచూద్దాం, అవి తేడా అయితే మిగతాదంతా వృథా.

లాటిట్యూడ్ తేడా 72 నిమిషాలు, అంటే దక్షిణానికి 72 నాటికల్ మైళ్లు. లాంగిట్యూడ్ తేడా 36 నిమిషాలు. దీన్ని నేరుగా మైళ్లు అనుకోకూడదు, మధ్య లాటిట్యూడ్ కొసైన్‌తో గుణించాలి. 36 × కొసైన్ 15° = 34.8 మైళ్లు. 72కీ 34.8కీ కర్ణం 80. ట్రాక్ 154 ట్రూ, అంటే అసలు ఉత్తరం నుంచి కొలిచిన డిగ్రీలు.

కొసైన్ మర్చిపోతే ఏమవుతుంది? దూరం 80.5, ట్రాక్ 153 వస్తాయి. చూశావా, మన సీమలో తప్పు అర మైలే. అందుకే ఈ అలవాటు ఎవరికీ పట్టుబడదు. పేపర్లో 60° లాటిట్యూడ్ మీద ప్రశ్న ఇస్తే తూర్పు పడమర దూరం ఏకంగా రెట్టింపు అవుతుంది, అక్కడ దొరికిపోతారు. చార్టు మీద కొలిచేటప్పుడు కూడా దూరం స్కేలుని పక్కనున్న మెరిడియన్ వెంబడి, అంటే లాటిట్యూడ్ గీతల మీద పెట్టాలి. అడ్డంగా పైనా కిందా ఉన్న అంచు మీద కాదు. 1:10,00,000 చార్టులో ఈ లెగ్ 14.8 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక మిల్లీమీటరు అంటే అర మైలు పైనే, కాబట్టి పెన్సిల్ మొన సన్నగా చెక్కుకో.

ఇక గ్రౌండ్ స్పీడ్. గాలి 250, ట్రాక్ 154, తేడా 96. అడ్డగాలి 25 × సైన్ 96 = 24.9 నాట్లు, కుడి నుంచి. ఎడమకి కొట్టుకుపోకుండా ముక్కు కుడికి తిప్పాలి. ఎంత? 24.9ని 100తో భాగించి సైన్ విలోమం తీస్తే 14.4 డిగ్రీలు. ముక్కు చూసే దిక్కే హెడింగ్. హెడింగ్ 168. ఇప్పుడు విమానం ముక్కు ట్రాక్ వైపు లేదు కదా. 100 నాట్లలో ట్రాక్ వెంబడి పనికొచ్చేది 100 × కొసైన్ 14.4 = 96.9 మాత్రమే. మిగతా 3 నాట్లు అడ్డగాలిని తట్టుకోవడానికే పోయాయి. 96.9కి నీ 2.6 కలుపు, 99.5. 80 మైళ్లకి 48 నిమిషాలు.

కోణం 5 డిగ్రీల లోపల ఉంటే పోయేది అర నాటు కూడా ఉండదు, నేరుగా కలిపేసినా నడుస్తుంది. 10 డిగ్రీల దగ్గర 1.5 నాట్లు, 20 దగ్గర 6. చిన్న విమానానికి, అంటే 100 నాట్లకి, 25 గాలి చిన్నదేం కాదు.

కుందూ_గట్టు:

అన్నా, నా సీఆర్‌పీ-5 (చేత్తో తిప్పే నావిగేషన్ కంప్యూటర్) మీద 106 చూపిస్తాంది. 99 కాదు, 102 కాదు. డిస్క్ ఏమన్నా చెడిపోయిందా ఏంది?

నల్లమల_5500:

డిస్క్ బాగానే ఉంది నాయనా. గాలి గుర్తుని మధ్య నుంచి కిందికి పెట్టే పద్ధతిలో పైన ఇండెక్స్ దగ్గర ఉండాల్సింది హెడింగ్. నువ్వు ట్రాక్ పెట్టి ఆపేశావు.

హెడింగ్ ముందే తెలియదు కాబట్టి మొదట ట్రాక్ 154 పెట్టక తప్పదు. మధ్య వృత్తం కింద 100 ఉంచితే డ్రిఫ్ట్ (గాలికి పక్కకి కొట్టుకుపోయే కోణం) 13.6 ఎడమ, గ్రౌండ్ స్పీడ్ 106 కనిపిస్తాయి. అది 154 హెడింగ్‌తో పోయే విమానానికి జవాబు, అంటే ట్రాక్ వదిలేసి ఎడమకి కొట్టుకుపోయే విమానానికి. ఇప్పుడు హెడింగ్‌ని కుడికి 13.6 జరిపి 167.6కి తిప్పు. డ్రిఫ్ట్ 14.4 అయింది. ఇంకొంచెం, 168.4. ఇప్పుడు హెడింగ్‌కీ ట్రాక్‌కీ మధ్య తేడా, డిస్క్ చూపించే డ్రిఫ్ట్, రెండూ ఒకటే. అప్పుడు గ్రౌండ్ స్పీడ్ చదువు, 99.5. ఈ అటూ ఇటూ జరపడం రెండు సార్లలో అయిపోతుంది, కానీ చెయ్యాలి.

ఈ6బీ అనే ఇంకో రకం కంప్యూటర్ వాడేవాళ్లు గాలి గుర్తు పైకి పెడతారు. అక్కడ ట్రాక్‌నే ఇండెక్స్ దగ్గర పెట్టి, గాలి చుక్కని 100 వంపు గీత మీదికి జరిపి, మధ్య రంధ్రం కింద గ్రౌండ్ స్పీడ్ చదువుతారు. హెడింగ్‌ని అటూ ఇటూ జరపడం అవసరం లేదు. ఒకరి దగ్గర ఒక పద్ధతి, ఇంకొకరి దగ్గర రెండోది నేర్చుకుని కలిపితేనే గొడవ. ఏదో ఒకటి ఎంచుకోండి, పరీక్ష దాకా మార్చకండి.

ఈ ప్రశ్నే పేపర్లో ఇస్తే ఆప్షన్లు 94, 99, 103, 106 అని పెట్టొచ్చు. 103 వెనక గాలిని నేరుగా కలిపినవాడికి, 106 డిస్క్ మధ్యలో ఆపినవాడికి, 94 ట్రాక్ తలకిందులుగా 334 పెట్టినవాడికి. ఏ తప్పు చేసినా నీ జవాబు ఆప్షన్లలో కనిపిస్తుంది, అదే ప్రమాదం. ఆప్షన్ ఉంది కాబట్టి కరెక్టే అనే ధైర్యం పెట్టుకోవద్దు.

ఓర్వకల్లు_08:

సార్, చాలా థాంక్స్. ఇక్కడ టీఏఎస్ 100 అని నేను పెట్టుకున్నా. నిజంగా గాల్లో అయితే డయల్ మీద 100 ఉంచాలా?

నల్లమల_5500:

డయల్ మీద 90 చాలు. 5,500 అడుగుల ప్రెషర్ ఆల్టిట్యూడ్ (స్టాండర్డ్ ప్రెషర్ 1013 నుంచి కొలిచిన ఎత్తు), బయట ఉష్ణోగ్రత +20 తీసుకో. స్టాండర్డ్ లెక్కలో ఆ ఎత్తులో +4 ఉండాలి, అంటే ఐఎస్ఏ (స్టాండర్డ్ వాతావరణం) ప్లస్ 16. డిగ్రీకి 120 అడుగుల చొప్పున డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి వేసే ఎత్తు) సుమారు 7,400. కాలిబ్రేటెడ్ స్పీడ్ (పరికరం తప్పులు సరిచేసిన డయల్ స్పీడ్) 90కి టీఏఎస్ 100 వస్తుంది. అదే రోజు స్టాండర్డ్ ఉష్ణోగ్రత అయితే 98 దగ్గర ఆగుతుంది. వెయ్యి అడుగులకి 2 శాతం అనే మోటు లెక్క మన వేడికి బాగానే సరిపోతుంది, చలి దేశంలో కాస్త ఎక్కువ చెబుతుంది.

కంప్యూటర్ మీద చేసేటప్పుడు ఉష్ణోగ్రతకి ఎదురుగా పెట్టాల్సింది ప్రెషర్ ఆల్టిట్యూడ్. ప్రశ్నలో క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కించిన ప్రెషర్) 1003, ఆల్టిట్యూడ్ 5,500 అని ఇస్తే ముందు 1013కి తక్కువైన 10 హెక్టోపాస్కల్స్ × 30 = 300 కలిపి 5,800 చెయ్యాలి. మే నెలలో ఇక్కడ ప్రెషర్ తక్కువగా ఉంటుంది కాబట్టి ఇది ఊహా ప్రశ్న కాదు.

కుందూ_గట్టు:

హెడింగ్ 168 అన్నారు. కాంపాస్ మీద ఎంత పట్టాల? లెవెల్ (ఎగిరే ఎత్తు) ఎంత?

పెన్నా_డ్రిఫ్ట్:

వేరియేషన్ (అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా) ఈ ప్రాంతంలో సుమారు 1° పడమర. పడమర అయితే కలపాలి. 168 ట్రూ, 169 మాగ్నెటిక్. కాక్‌పిట్‌లో డీవియేషన్ (విమానంలోని లోహం వల్ల కాంపాస్‌కి వచ్చే తేడా) కార్డు 2° తూర్పు చూపిస్తే తీసెయ్యి, 167 కాంపాస్. చార్టు మీద వేరియేషన్ రాసిన సంవత్సరం, ఏటేటా మార్పు చూసుకుని వాడాలి. పాత చార్టుతో లెక్క చేస్తే అక్కడే ఒక డిగ్రీ తేడా రావచ్చు.

ఇంకో సంగతి. ఫోర్‌కాస్ట్ గాలులు, మెటార్, టాఫ్ అనే ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టుల్లో ఉండేవి ట్రూ. టవర్ నోటితో చెప్పేది మాగ్నెటిక్. ఇక్కడ 1° కాబట్టి పట్టింపు లేదు, వేరియేషన్ 15° ఉన్న ప్రశ్నలో మాత్రం మునుగుతారు.

లెవెల్ మాగ్నెటిక్ ట్రాక్‌ని బట్టి. 154కి 1 కలిపితే 155, అంటే 000 నుంచి 179 లోపల, బేసి వేలు. వీఎఫ్ఆర్ (బయటికి చూస్తూ నడిపే నియమాలు) కాబట్టి పైన 500. లెవెల్ 55 లేదా 75, అంటే 5,500 లేదా 7,500 అడుగులు. గాలి ఇంకా పెరిగి హెడింగ్ 181 పట్టాల్సి వచ్చినా లెవెల్ మారదు, ట్రాక్ 155గానే ఉంది కదా. ఈ రూట్ ఆ ప్రశ్నకి అచ్చంగా సరిపోతుంది. హెడింగ్ చూసి 65 టిక్ పెట్టేవాళ్లు చాలామంది.

అనంత_గైరో:

హెడింగ్ గురించి నేనొక మాట. కాంపాస్ 167 అని రాసుకుంటారు కానీ నడిపేది గైరోతో పనిచేసే డైరెక్షన్ ఇండికేటర్ చూసి. భూమి తిరగడం వల్ల అది గంటకి 15 × సైన్ లాటిట్యూడ్ జరుగుతుంది. మన 15° దగ్గర గంటకి 3.9 డిగ్రీలు. ఉత్తరార్ధ గోళంలో రీడింగ్ తగ్గుతూ పోతుంది. పైలట్ రీడింగ్‌ని అక్కడే నిలబెట్టాలని కుడికి తిప్పుకుంటూ పోతాడు. 48 నిమిషాలు సరిచెయ్యకపోతే చివరికి 3 డిగ్రీలు కుడికి. సగటున 1.5 డిగ్రీలు అనుకుంటే 80 మైళ్లకి 2 మైళ్లు పక్కకి. ఈ జరుగుడుని సరిచేసే లాటిట్యూడ్ నట్ సరిగా సెట్ అయి ఉంటే ఇది తగ్గుతుంది, కానీ బేరింగుల రాపిడి వల్ల వచ్చే జరుగుడు దీనికి అదనం, అది ఏ వైపైనా ఉండొచ్చు. అందుకే 10, 15 నిమిషాలకి ఒకసారి ఫ్రెడా చెక్: ఫ్యూయల్, రేడియో, ఇంజిన్, డైరెక్షన్, ఆల్టిమీటర్.

కాంపాస్‌తో కలిపేటప్పుడు రెక్కలు సమంగా, స్పీడ్ నిలకడగా ఉండాలి. తూర్పు పడమర హెడింగుల్లో స్పీడ్ పెంచితే కాంపాస్ ఉత్తరం వైపు, తగ్గిస్తే దక్షిణం వైపు చూపిస్తుంది. కడప రూట్ దక్షిణానికి దగ్గర కాబట్టి ఆ ఎర్రర్ తక్కువ, కానీ మలుపు ఎర్రర్ దక్షిణం దగ్గరే ఎక్కువ. పరీక్షలో ఉత్తరానికి తిరిగితే ముందే ఆపు, దక్షిణానికి తిరిగితే దాటించి ఆపు అని రాయండి. అయితే మాగ్నెటిక్ భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస దగ్గరగా పోతుంది కాబట్టి సీమలో డిప్ కోణం (అయస్కాంత బలం నేల వైపు వంగే కోణం) చిన్నది, పుస్తకంలో చెప్పినంత పెద్ద ఎర్రర్ ఇక్కడ కాంపాస్‌లో కనబడదు. కనబడలేదని సూత్రం తప్పనుకోవద్దు.

ఓర్వకల్లు_08:

అక్కా, ఇది ఎక్కడా ఇంత విడమరిచి దొరకలేదు. ఇక రెండో ప్రశ్న, 6 డిగ్రీలా 12 డిగ్రీలా?

పెన్నా_డ్రిఫ్ట్:

ఆళ్లగడ్డతో చెప్తా. నీ ట్రాక్ గీత మీద ఆళ్లగడ్డ దాదాపు 40వ మైలు దగ్గర, గీతకి సుమారు 2 మైళ్లు ఎడమగా ఉంటుంది. చార్టులో కొలిచి చూసుకో. అంటే ట్రాక్ మీద ఉంటే ఊరు ఎడమ కిటికీలో కనబడాలి. 25వ నిమిషంలో చూస్తే ఊరు కుడివైపు 2 మైళ్లలో ఉందనుకో. అంటే నువ్వు ట్రాక్‌కి 4 మైళ్లు ఎడమన ఉన్నావు, నల్లమల వైపు జరిగావు.

వన్ ఇన్ సిక్స్‌టీ, అంటే 60 మైళ్లకి ఒక మైలు పక్కకి పోతే ఒక డిగ్రీ: 4 × 60 / 40 = 6 డిగ్రీలు ట్రాక్ ఎర్రర్. 6 డిగ్రీలు కుడికి తిప్పితే ఏమవుతుంది? ఇంకా పక్కకి జరగవు, అంతే. గీతకి 4 మైళ్ల దూరంలో సమాంతరంగా పోతూ కడపకి 4 మైళ్లు తూర్పుగా తేలుతావు. గమ్యానికి చేరాలంటే క్లోజింగ్ కోణం (గమ్యం వైపు మళ్లే కోణం) కూడా కావాలి. మిగిలింది 40 మైళ్లు, 4 × 60 / 40 = 6. మొత్తం 12. హెడింగ్ 168 నుంచి 180.

ఇక్కడ సరిగ్గా సగం కాబట్టి రెండూ 6 అయ్యాయి, దాంతో ఎర్రర్‌ని రెట్టింపు చెయ్యడమే సూత్రం అని చాలామంది బట్టీ పడతారు. అది గడిచిన దూరం, మిగిలిన దూరం సమానమైతేనే. కోవెలకుంట్ల అడ్డంగా వచ్చిన 30వ మైలు దగ్గరే 3 మైళ్లు ఎడమ అని తెలిస్తే ఎర్రర్ 6, క్లోజింగ్ 3 × 60 / 50 = 3.6, మొత్తం దాదాపు 10. ఎంత తొందరగా పట్టుకుంటే అంత తక్కువ తిప్పుడు.

చార్టు మీద ముందుగానే బయల్దేరే చోటు నుంచీ, గమ్యం నుంచీ ఇరువైపులా 5, 10 డిగ్రీల గీతలు చుక్కలుగా గీసుకో. అప్పుడు గాల్లో భాగహారం అక్కర్లేదు, ఏ రెండు గీతల మధ్య ఉన్నావో చూసి కూడుకుంటే చాలు.

అనంత_గైరో:

12 డిగ్రీల మలుపుకి కాంపాస్ వెంట పడొద్దు. రేట్ వన్ మలుపు అంటే సెకనుకి 3 డిగ్రీలు, 4 సెకన్లు లెక్కపెట్టి రెక్కలు సమం చెయ్యండి. 100 నాట్లకి బ్యాంక్ (రెక్కల వంపు) 17 డిగ్రీలు, అంటే స్పీడ్‌లో పదో వంతుకి 7 కలపడం. ఇదీ పేపర్లో వస్తుంది.

కుందూ_గట్టు:

మూడో ప్రశ్న తేల్చండప్పా. ప్లాన్లో 40 మైళ్లకి 24 నిమిషాలు. పట్టింది 25. ఒక నిమిషం లేటు. మిగతా సగానికి ఇంకొకటి. 50 నిమిషాలకి కడప. ఇందులో ఏం తిరకాసు ఉండాది?

పెన్నా_డ్రిఫ్ట్:

ఉంది. 50 కాదు, 52.

40 మైళ్లు 25 నిమిషాల్లో అంటే గ్రౌండ్ స్పీడ్ 96. హెడింగ్ 168, నిజంగా పోయిన ట్రాక్ 154 − 6 = 148. డ్రిఫ్ట్ 20 ఎడమ. ఈ నాలుగు అంకెలతో గాలి దొరుకుతుంది. సీఆర్‌పీ-5 మీద 168 ఇండెక్స్‌కి, 100 మధ్యకి, 20 ఎడమ డ్రిఫ్ట్ గీత మీద 96 దగ్గర చుక్క పెట్టు. చుక్క సరిగ్గా మధ్యకి కిందికి వచ్చేలా తిప్పి చదువు. గాలి 241/34. ఫోర్‌కాస్ట్ ఇచ్చిన 250/25 కాదు.

ఇప్పుడు కొత్త ట్రాక్ 160, ఆళ్లగడ్డ పక్క నుంచి నేరుగా కడపకి. గాలికీ ట్రాక్‌కీ తేడా 81. అడ్డగాలి 33.6, కోణం 19.6, హెడింగ్ 180. వన్ ఇన్ సిక్స్‌టీతో వచ్చిందీ అదే, రెండు దారులూ కలిశాయి. ఎదురుగాలి 5.3. గ్రౌండ్ స్పీడ్ 94.2 − 5.3 = 89. మిగిలిన 40 మైళ్లకి 27 నిమిషాలు.

మొదటి సగంలో గాలి ఎక్కువున్నా పెద్దగా లేటు కాలేదు, ఎందుకంటే విమానం సగం సగమే ఎదురు నిలబడి పక్కకి జారిపోయింది. రెండో సగంలో పూర్తిగా ఎదురు తిరిగింది, కాబట్టి ఖర్చు మొత్తం ఇప్పుడు కనబడుతుంది. అందుకే హెడింగ్ మార్చిన ప్రతిసారీ ఈటీఏ మళ్లీ వెయ్యాలి. హెడింగ్ మార్చి ఈటీఏ పాతదే ఉంచితే, 50వ నిమిషంలో కింద రన్‌వే లేదని కంగారు పుట్టి, సరైన హెడింగ్ వదిలేసి అటూ ఇటూ తిరగడం మొదలవుతుంది. నిజానికి ఇంకో 3 మైళ్లు ముందుకు పోతే చాలు.

కుందూ_గట్టు:

అన్నా అది సరే. పేపర్లో ఆప్షన్లు 25, 27 రెండూ ఉంటే ఏది కొట్టాల?

నల్లమల_5500:

ప్రశ్న చదువు. "గ్రౌండ్ స్పీడ్ మారదు అనుకొని" అని ఉంటేనో, గాలి, టీఏఎస్, హెడింగ్ ఏవీ ఇవ్వకుండా ఉత్త దూరం, టైము ఇచ్చి ఈటీఏ అడిగితేనో 96తోనే లెక్క, 25. హెడింగ్, టీఏఎస్ ఇచ్చి కొత్త హెడింగ్‌తో ఈటీఏ అడిగితే గాలి తీయమనే అర్థం, 27. ఇచ్చిన అంకెల్లో ఏది వాడకుండా మిగిలిపోయిందో చూసుకుంటే తెలిసిపోతుంది. గాల్లో మాత్రం ఎప్పుడూ 27.

పెన్నా_డ్రిఫ్ట్ చెప్పినదానికి ఒక సవరణ. 4 నిమిషాల లేటు అంటే సెస్నా 152కి లీటరున్నర పెట్రోలు, ప్రాణం మీదికి రాదు. అసలు ఇబ్బంది ఎడమకి జరగడంలో ఉంది. నల్లమలలో భైరవకొండ 929 మీటర్లు, అంటే 3,048 అడుగులు. 5,500 అడుగుల్లో బాగానే ఉంటావు. మబ్బు కిందికి వచ్చిందని 3,500కి దిగి, ఇంకా ఎడమకి కొట్టుకుపోతుంటే అప్పుడు అది నావిగేషన్ లెక్క కాదు. దిగాలనిపిస్తే ముందు కుడికి జరిగి, తర్వాత దిగు.

మోడరేటర్:

గ్యారంటీ ప్రశ్నలు అంటూ పెట్టిన రెండు లింకులు తీసేశాం. చర్చ కొనసాగించండి.

ఓర్వకల్లు_08:

ఈ లెగ్‌లో చెక్ పాయింట్లుగా ఏవి పెట్టుకోవచ్చు? ఊర్లన్నీ పైనుంచి ఒకేలా ఉంటాయి కదా.

పెన్నా_డ్రిఫ్ట్:

ఊరొక్కటే చూసి ఎప్పుడూ ఒప్పుకోకు. ఊరు, దాని పక్కన రోడ్డు లేదా నీళ్లు, రెండూ కలిసి మ్యాచ్ కావాలి. చూసే వరస కూడా ముఖ్యం: ముందు వాచీ, తర్వాత చార్టు, ఆ తర్వాత నేల. టైము ప్రకారం ఎక్కడుండాలో చార్టులో చూసుకుని, అక్కడ ఏముందో నేల మీద వెతకాలి. నేల మీద ఏదో చూసి చార్టులో వెతికితే ప్రతి ఊరూ నువ్వనుకున్న ఊరిలాగే కనిపిస్తుంది.

మొదటి గుర్తు లేచిన కొద్దిసేపటికే ఎడమ వైపు: పాణ్యం మండలంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు. ఎంత దూరం నుంచైనా దొరుకుతుంది, కానీ పాత చార్టులో ఉండదు. 2017కి ముందు అచ్చయిన చార్టు వాడుతుంటే నువ్వే గీసుకోవాలి. అక్కడి నుంచి నేషనల్ హైవే 40 నంద్యాల వైపు ఎడమకి పోయి, ఆళ్లగడ్డ దగ్గర మళ్లీ దగ్గరవుతుంది. అక్కడి నుంచి చాగలమర్రి, దువ్వూరు దాకా గీతకి ఎడమగా రెండు మూడు మైళ్లలోనే నడుస్తుంది. కాబట్టి ఆళ్లగడ్డ తర్వాత హైవే నీ కుడివైపు కనిపిస్తే ఎడమకి జరిగావని వేరే లెక్క అక్కర్లేదు. 62వ మైలు దగ్గర ప్రొద్దుటూరు కుడికి 5 మైళ్లు, ఆ తర్వాత మైదుకూరు ఎడమకి 4 మైళ్లు. ఈ రెండింటి మధ్య నుంచి పోవాలి, గోలు స్తంభాల మధ్యకి బంతి కొట్టినట్టు. ఇంకా కుడికి, పది మైళ్ల పైన, ముద్దనూరు దగ్గర ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రం) పొగ గొట్టాలు. అవి దగ్గరగా కనిపించాయంటే బాగా పడమరకి పోయినట్టే. చివరి ఆరేడు మైళ్లలో పెన్నా దాటాలి. ఎయిర్‌పోర్టు నదికి దక్షిణాన, కడప ఊరికి వాయవ్యంగా ఉంటుంది. ఊరు చూసి నేరుగా ఊరి మీదికి పోవద్దు.

కేసీ కెనాల్, కుందూ నది చార్టులో నీలి గీతలుగా ఉంటాయి కదా అని నీళ్ల కోసం వెతకొద్దు. ఎండాకాలం కెనాల్ ఎండి మట్టిగీత, కుందూ చెట్ల వరస. పెన్నా మాత్రం వెడల్పాటి ఇసుక పట్టీ, అది నీళ్లున్నా లేకున్నా దొరుకుతుంది. అందుకే దాన్ని చివరి అడ్డగీతగా పెట్టుకో. ఎక్కడున్నావో తెలియకపోతే హెడింగ్ మార్చకుండా, టైము రాసుకుని, చివరి ఖాయమైన చోటు నుంచి గడిచిన దూరంలో పదో వంతు వ్యాసార్ధంతో వృత్తం ఊహించుకో. 40 మైళ్లకి 4 మైళ్ల వృత్తం. ఆ వృత్తంలో ఉన్న పెద్ద గుర్తులతోనే పోల్చు.

అనంత_గైరో:

గీత మీద 6 నిమిషాలకి ఒక అడ్డ గుర్తు పెట్టుకుంటే సులువు. 99 నాట్లకి 6 నిమిషాలంటే 9.9 మైళ్లు, కాబట్టి పదేసి మైళ్ల గుర్తులే దాదాపు ఆరేసి నిమిషాల గుర్తులు. గ్రౌండ్ స్పీడ్‌లో పదో వంతు, ఇంతే సూత్రం.

దిగడం కూడా ముందే రాసుకోండి. 5,500 నుంచి 1,500కి 4,000 అడుగులు, నిమిషానికి 500 చొప్పున 8 నిమిషాలు. గ్రౌండ్ స్పీడ్ 90 అనుకుంటే 12 మైళ్ల ముందు మొదలు. మైదుకూరు దాటాక అన్నమాట. స్పీడ్ పెంచుకుంటూ దిగితే దానికి తగ్గట్టు ఇంకా ముందే మొదలుపెట్టండి.

కుందూ_గట్టు:

క్రిటికల్ పాయింట్, పాయింట్ ఆఫ్ నో రిటర్న్ ఇదే రూట్లో వేసేయండి ఎవరైనా, ఒక పనైపోతాది.

నల్లమల_5500:

పోయేటప్పుడు 99.5, తిరిగి వచ్చేటప్పుడు అదే 250/25 గాలితో 94.2. క్రిటికల్ పాయింట్ (ముందుకైనా వెనక్కైనా ఒకే టైము పట్టే చోటు) = దూరం × తిరుగు స్పీడ్ / రెండు స్పీడ్ల మొత్తం. 80 × 94.2 / 193.7 = 39 మైళ్లు. అంటే ఆళ్లగడ్డకి ఒక మైలు ఇవతల. ఇంజిన్ గరగరలాడితే అంతకు ముందు వెనక్కి, దాటితే ముందుకి. ఇందులో పెట్రోలు మాటే లేదు గమనించు. గాలి లేకపోతే సరిగ్గా సగం, గాలి ఉంటే అది వచ్చే వైపుకి జరుగుతుంది.

పాయింట్ ఆఫ్ నో రిటర్న్ అంటే ఉన్న పెట్రోలుతో వెనక్కి రాగల చివరి చోటు, దానికి పెట్రోలు లెక్క కావాలి. రిజర్వు పోను 3 గంటలు అనుకో. 3 × 94.2 / 193.7 = 1.46 గంటలు, అంటే 87 నిమిషాలు, 145 మైళ్లు. కడప 80 మైళ్లే కాబట్టి ఈ లెగ్‌లో దానికి అర్థం లేదు, కడప పైదాకా పోయి దిగకుండా తిరిగి రావచ్చు. పేపర్లో కూడా జవాబు గమ్యం దాటి వస్తే లెక్క తప్పిందని కొట్టేయకండి.

ఓర్వకల్లు_08:

సన్‌సెట్ లెక్క కూడా ఇక్కడే అడిగేస్తా. ఆల్మనాక్ టైము ఎల్ఎంటీలో (ఆ చోటి లాంగిట్యూడ్‌ని బట్టి ఉండే స్థానిక టైములో) ఉంటుంది కదా, మనకి ఎంత కలపాలి?

అనంత_గైరో:

డిగ్రీకి 4 నిమిషాలు. 78°10' × 4 = 5 గంటల 12 నిమిషాల 40 సెకన్లు. ఐఎస్‌టీ 82°30' మీద, 5:30. తేడా 17 నిమిషాల 20 సెకన్లు. ఓర్వకల్లు ఎల్ఎంటీకి 17 కలిపితే ఐఎస్‌టీ. కడపకి 15. వీఎఫ్ఆర్‌లో సన్‌సెట్ లోపల దిగాలి కాబట్టి దిగే చోటి లాంగిట్యూడ్‌తో వెయ్యాలి, బయల్దేరే చోటిది కాదు. లాంగిట్యూడ్ ఒక్కటే చూస్తే తూర్పున ఉన్న కడపలో దాదాపు రెండున్నర నిమిషాలు ముందే పొద్దు గూకుతుంది.

పెన్నా_డ్రిఫ్ట్:

తమ్ముడూ, ఇప్పుడు ఇదే గాలితో కడప నుంచి ఓర్వకల్లు వేసి చూపించు. హెడింగ్, టైము, లెవెల్.

ఓర్వకల్లు_08:

ట్రాక్ 334, గాలి 250, తేడా 84, ఈసారి ఎడమ నుంచి. కోణం 14.4 ఎడమకి, హెడింగ్ 320 ట్రూ, 321 మాగ్నెటిక్. 96.9 − 2.6 = 94.3 గ్రౌండ్ స్పీడ్. 51 నిమిషాలు. మాగ్నెటిక్ ట్రాక్ 335 కాబట్టి సరి వేలు ప్లస్ 500, లెవెల్ 65.

నల్లమల_5500:

సరిపోయింది. కాంపాస్ హెడింగ్ రాయలేదు. డీవియేషన్ కార్డులో 320 దగ్గరి అంకె చూడు, 168 దగ్గరి 2° తూర్పు ఇక్కడ పనికిరాదు.